హైదరాబాద్ చుట్టుపక్కల గుర్రాన్ని బోర్డింగ్‌కి ఇస్తున్నారా? నెల రేటు చూసి మోసపోకండి

రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ జాతి గుర్రాన్నో, మార్వాడీ జాతి గుర్రాన్నో కొని మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఎక్కడైనా బోర్డింగ్ (నెలకింతని కట్టి వేరేవాళ్ల లాయంలో ఉంచడం) పెడదామని చూస్తున్నవాళ్ల కోసం ఇది. మా ఆడగుర్రాన్ని ఉంచిన చోట నెలకు 14 వేలు అన్నారు, విచారించిన ఇంకో రెండు చోట్ల 20, 23 చెప్పారు. "మేత, దాణా, సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి), ఎక్సర్‌సైజ్ అన్నీ ఇందులోనే సార్, మీరు వచ్చి ఎక్కి తిరగడమే" అన్నాడు మేనేజర్. మేత ఎన్ని కిలోలో మాత్రం కాగితం మీద ఎక్కడా లేదు.

అసలు మతలబంతా ఆ కిలోల్లోనే ఉంది. గుర్రం రోజుకు తన బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండు మేత తినాలి, అంటే 420 కిలోల గుర్రానికి ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర కిలోలు. కిలో గడ్డి 15 రూపాయలు వేసుకున్నా ఎనిమిది కిలోల చొప్పున నెలకు 3,600 అవుతుంది, ఓట్స్, ఉలవలు, గోధుమ పొట్టు కలిపి రోజుకు మూడు కిలోల దాణా కిలో 40కి లెక్కేసినా ఇంకో 3,600. ఆపైన సైసు జీతం, లాయం అద్దె, కింద పరిచే రంపపు పొట్టు, కరెంటు, వాళ్ల లాభం. ఇవన్నీ 14 వేలల్లో సర్దాలంటే ఎక్కడో కోత పడాల్సిందే కదా, మాకు గడ్డిలో పడింది. మంచి ఎండుగడ్డి బదులు వరిగడ్డి వేశారు. అది గేదెలకు సరే గానీ గుర్రానికి అందులో సత్తువ దొరకదు, పైగా నీళ్లు సరిగ్గా తాగకపోతే పేగులో ఉండకట్టి కోలిక్ (తీవ్రమైన కడుపునొప్పి) వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, అందుకే కోలిక్ అంటే అర్ధరాత్రయినా డాక్టర్ రావాల్సిందే. ఆ టెన్షన్ మేమూ పడ్డాం, డాక్టర్ బిల్లు "ఎక్స్‌ట్రా సార్" అని మా చేతిలోనే పెట్టారు. నాడాలు, నట్టల మందు, టీటీ ఇంజెక్షన్ కూడా ఎక్స్‌ట్రానే అని అప్పుడే తెలిసింది.

వానాకాలంలో కాలు ఎత్తి చూస్తే గిట్ట మధ్యలో మెత్తటి భాగం నల్లగా కుళ్లి, వేలు పెడితే జిగురు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. లద్దె తీయకుండా దాని మీదే కొత్త పొట్టు చల్లేవాళ్లు, పైకి చూడటానికి శుభ్రంగానే ఉండేది. సైసు కుర్రాణ్ని ఏమీ అనలేను, పాపం ఒక్కడే పన్నెండు గుర్రాలు చూసేవాడు.

ఇంకో ఘోరం వినండి. ఒక ఆదివారం చెప్పకుండా వెళ్తే దాని పొట్ట కింద, జీను పటకా పడే చోట, వెంట్రుకలు చెమటకు అట్టకట్టి ఉన్నాయి. మా జీనేమో ఇంట్లో ఉంది! గట్టిగా అడిగితే, పిల్లల రైడింగ్ క్లాసులకు వాడుతున్నారట. "ఎక్సర్‌సైజ్ అయిపోతుంది కదా సార్, మీకే లాభం" అన్నాడు ఆ మేనేజర్, నిస్సిగ్గుగా. క్లాసు ఫీజు వాళ్లకి, బోర్డింగ్ ఫీజూ వాళ్లకే.

కాబట్టి డబ్బు కట్టే ముందు కిలోల లెక్క, ఏ గడ్డి, ఒక్కో సైసుకి ఎన్ని గుర్రాలు, ఏవి ఎక్స్‌ట్రా, మీ అనుమతి లేకుండా ఎవరూ ఎక్కకూడదు అన్నవి రాయించుకోండి. కొత్త గుర్రాల్ని గ్లాండర్స్ అనే అంటురోగం లేదన్న రిపోర్టు లేకుండా లోపలికి రానిస్తారా అని కూడా అడగండి, ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది. బరువు అనుమానమైతే పొడవాటి మెత్తటి కొలత టేపు చాలు: ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను దాంతోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించండి, సెంటీమీటర్లలో కొలిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 180, పొడవు 155 ఉంటే దాదాపు 420. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు.

మానేసేటప్పుడు నోటీసు ఎంతో కూడా ముందే రాయించండి. మేం బండి తెచ్చాక గేటు దగ్గర ఇంకో నెల డబ్బు కడితేనే వదుల్తామన్నారు, గుర్రం ఎండలో నిలబడి ఉంటే బేరమాడే ఓపిక ఎవరికుంటుంది, కట్టేశాం. ఇప్పుడు 23 వేల చోట ఉంది, అక్కడ గడ్డి మన కళ్ల ముందే కాటా వేస్తారు. నాడాల డబ్బు మాత్రం అక్కడా మనదే.