మూర్ మార్కెట్ పాత గ్రామఫోన్ ప్లేట్లు: పాప్ కొనాలా, రాక్ కొనాలా?

చెన్నై సెంట్రల్ పక్కన ఇప్పుడు సబర్బన్ రైళ్లెక్కే చోటే ఒకప్పటి మూర్ మార్కెట్ ఉండేది. 1985లో అది కాలిపోయాక కొట్లు దగ్గర్లోని లిల్లీ పాండ్ కాంప్లెక్సుకి వెళ్లాయి. పేరు మాత్రం పోలేదు. పాత పుస్తకాల దొంతరలు దాటుకుంటూ వెళ్తే గ్రామఫోన్ రికార్డులు అమ్మేవాళ్లు తగులుతారు. సినిమా ఎల్పీల (పెద్ద ప్లేట్ల) వెనకాల ఇంగ్లీషు ప్లేట్ల దొంతర ఉంటుంది. ఈ సమీక్ష ఆ దొంతర గురించే.

అక్కడ ఇద్దరు నిలబడితే చాలు, తగువు మొదలు. "మైకేల్ జాక్సన్ అంటే డాన్సు బావా, వాయించేదెవరు అందులో?" "నువ్వు ముందు థ్రిల్లర్ రెండో వైపు పెట్టు, తర్వాత మాట్లాడు." రెండోవాడి మాటలో పస ఉంది. ఆ వైపు మొదటి పాట 'బీట్ ఇట్'లో గిటారు సోలో వాయించింది రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్. 1982 నాటి పాప్ ప్లేటు మీద అసలు సిసలు రాక్ గిటారు. ఎవరు గొప్ప అన్నది ఎంతకీ తెమలదు గానీ, సెకండ్‌హ్యాండ్‌లో ఏది కొనాలన్నదానికి మాత్రం గట్టి జవాబే ఉంది. అది ప్లేటు మీది గాడిలో, అంటే ముల్లు నడిచే సన్నటి చాలులో ఉంది.

ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఆ లెక్క మొదటి నుంచి చివరిదాకా ఒకటే, కానీ లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. అంచు దగ్గర సెకనుకి అర మీటరు గాడి ముల్లు కింద జారితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21, 22 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంతే సంగీతాన్ని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలన్నమాట. అందుకే చివరి పాటల్లో 'స', 'ష' అక్షరాలూ, డ్రమ్స్ మీది కంచు తాళాలూ గరగరలాడతాయి. బరువైన ముల్లుతో ఏళ్ల తరబడి వాయించిన ప్లేటులో ముందు దెబ్బతినేది ఆ లోపలి చుట్లే.

ఇప్పుడు రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టండి. థ్రిల్లర్ రెండో వైపు, రాక్ బృందం క్వీన్ వాళ్ల 1975 ఆల్బమ్ 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా' రెండో వైపు. రెండూ 22 నిమిషాల చిల్లరే. జాక్సన్ ప్లేటులో 'బీట్ ఇట్' అంచున, అన్నిటికన్నా మంచి జాగాలో ఉంది, దాని వెనకే 'బిల్లీ జీన్'. క్వీన్ ప్లేటులో 'బొహీమియన్ రాప్సొడీ' చివరి నుంచి రెండోది. దాని తర్వాత నిమిషం పైచిలుకు ఉండే చిన్న ముక్క ఒక్కటే. పైగా ఆ పాటలో గిటార్లు విరుచుకుపడేది కూడా చివరి భాగంలోనే. అంటే అతి పెద్ద మోత అతి ఇరుకు జాగాలో పడింది. అరిగిన క్వీన్ ప్లేటు కొనేవాడికి, ఏ పాట కోసం కొన్నాడో ఆ పాటే చెడి వస్తుంది.

నెమ్మదైన రాక్‌తో ఇంకో తంటా. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973) గుండె చప్పుడుతో, దాదాపు నిశ్శబ్దంలోంచి మొదలవుతుంది. ప్లేటు మీద ఎంత దుమ్ము ఉంటే అంతా అక్కడ చిటపటమంటుంది. అదే బోనీ ఎమ్ లాంటి పాప్ ప్లేటు పార్టీల్లో పది చేతులు మారి గీతలు పడి ఉన్నా, ఆగని డ్రమ్ము ఆ చిటపటల్ని కప్పేస్తుంది. రాక్ అభిమానులకు రుచించదు గానీ, పాత ప్లేట్ల బేరంలో గెలిచేది పాపే. పింక్ ఫ్లాయిడ్ కావాలంటే కొత్త ప్రెస్సింగ్ (కొత్తగా మళ్లీ అచ్చేసిన ప్లేటు) కొనుక్కోవడం మేలు.

కొట్లో చూడాల్సిన పద్ధతి ఇది. అట్ట చూసి మురిసిపోకుండా ముందు ప్లేటు బయటికి తీయండి. లేబుల్ మీద పేరు, అట్ట మీద పేరు ఒకటేనా? అట్ట ఒకరిది, ప్లేటు ఇంకొకరిది కావడం ఇలాంటి దొంతరల్లో మామూలే. వేళ్లు అంచునీ లేబుల్‌నీ మాత్రమే తాకాలి. ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి ప్లేటుని మెల్లగా వంచితే గీతలు తేలతాయి. గోరుకి తగలని వెంట్రుకవాసి గీతల్ని పట్టించుకోనక్కర్లేదు. గోరు తట్టుకుందంటే వినపడుతుంది. గాళ్లకి అడ్డంగా పడిన గీత ప్రతి 1.8 సెకన్లకి ఒకసారి 'టక్' అంటుంది, అది ఓర్చుకోవచ్చు. గాడి వెంబడి ఏటవాలుగా పడిందే ప్రమాదం, ముల్లుని పక్క గాడిలోకి తోసి అదే ముక్క మళ్లీ మళ్లీ పాడిస్తుంది. (చెప్పిందే చెప్పేవాణ్ణి అరిగిపోయిన రికార్డు అంటాం గానీ, అరిగింది గరగరలాడుతుంది, గీత పడిందే తిప్పి తిప్పి పాడుతుంది.) నడిమి రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి మెరుపు చారలుంటే చాలాసార్లు ఎక్కి దిగిన ప్లేటని గుర్తు.

ప్లేయరుంటే వేయమని అడగండి. మొదటి పాట కాదు, చివరి పాట. ముందు కళ్లు ప్లేటు ఎత్తుకి దించి చూడండి. ఎండకి వంగిన ప్లేటైతే ముల్లు చెయ్యి పడవలా లేచి పడుతుంది. తర్వాత ఒక్క నిమిషం వింటే చాలు. పాత రకం ప్లేయర్లలో ముల్లు 4 నుంచి 6 గ్రాముల బరువుతో నొక్కుతుంది, ఇప్పటి మంచి ముల్లు 2 గ్రాముల దగ్గర ఆగుతుంది. కాబట్టి కొట్లో పాత ప్లేయరు మీద వైపంతా వినాలని పట్టుబట్టకండి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో, హెచ్‌ఎంవీ ఫ్యాక్టరీలో అచ్చయిన ప్లేట్లని చులకనగా చూడాల్సిన పని లేదు, శుభ్రంగా ఉంటే బాగానే పాడతాయి. కొత్త ప్రెస్సింగ్ ధరలో సగం దాటి అడిగితే మాత్రం దొంతరలో పెట్టేయండి.

చెన్నై ఉక్కకి బూజు తప్పదు, తెల్లటి మచ్చలుగా కనిపిస్తుంది. అది చూపించి ధర తగ్గించమనొచ్చు, చాలావరకు కడిగితే పోతుంది. నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్‌కి ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. మెత్తటి కుంచెతో గాడి వెంబడే తిప్పి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. లేబుల్ తడవకూడదు. బోరు నీళ్లు అసలు వద్దు, ఉప్పు గాళ్లలో పేరుకుంటుంది. ఇదంతా ఎల్పీలకే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లకి ఆల్కహాల్ తగిలితే ఆ లక్కే కరిగిపోతుంది. లోపలి పాత కాగితం కవరు పారేసి కొత్తది వేయకపోతే బూజు మళ్లీ ఎక్కుతుంది.

కొన్నాక రెండు అట్టముక్కలు అడిగి మధ్యలో పెట్టి కట్టించుకోండి. మే నెలలో కారు వెనక అద్దం కింద పెట్టారా, ఇల్లు చేరేసరికి ప్లేటు అప్పడమే.