కడపలో పాత వాల్వులు టెస్ట్ చేయించుకున్న కథ

ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో, బోర్డు సగం చెరిగిపోయిన పాత రేడియో రిపేరు షాపు ఉంది. చిన్న స్టీరియో యాంప్లిఫైయర్ కట్టుకుందామని ఆన్‌లైన్‌లో కొన్న పాత వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు రేడియోల్లో వాడిన గాజు వాక్యూమ్ ట్యూబులు) పట్టుకుని పోయిన వారం అక్కడికి వెళ్లాను. స్పీకర్‌ను నడిపే ఈఎల్84లు నాలుగు, చిన్న సిగ్నల్‌ను పెంచే ఈసీసీ83లు మూడు, ఏసీని డీసీగా మార్చే ఈజడ్81 ఒకటి. అమ్మినవాడు అన్నీ టెస్టెడ్ అన్నాడు. నేనూ 4, 5 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి ఫిలమెంట్లు (లోపల వేడెక్కే తీగలు) తెగలేదని చూసుకునే వెళ్లాను.

పెద్దాయన మీటరు ముట్టుకోకుండానే ఒక ఈఎల్84 తీసి పక్కన పెట్టేశాడు. అద్దం పైభాగంలో వెండిలా మెరవాల్సిన పూత సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. "ఇది గాలి పీల్చింది నాయనా, షోకేసులో పెట్టుకో" అన్నాడు.

మిగతా మూడింటినీ సొంతంగా చేసుకున్న చెక్కపెట్టె టెస్టర్‌లో పెట్టాడు. ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడ్‌కు 135 ఓమ్స్ రెసిస్టర్, వాటిని అందుకునే ప్లేటుకు 250 వోల్టులు, ఆ రెసిస్టర్ మీద మీటరు. మంచి వాల్వయితే అక్కడ 7 వోల్టుల చుట్టుపక్కల రావాలి. రెండు బాగానే వచ్చాయి, మూడోది 6 దాకా వచ్చింది, సరే పర్లేదు అనుకున్నా. కానీ ఆయన ఫిలమెంట్ వోల్టేజీ 6.3 నుంచి 5.7కి దించేసరికి, ఆ రెండూ పెద్దగా కదల్లేదు, మూడోది మాత్రం చూస్తుండగానే 3కి జారిపోయింది. ఎర్రగా వెలుగుతూనే ఉంది మరి, కానీ లోపల బలం అయిపోయింది! ఈ ఒక్క పరీక్ష కోసమైనా ఈ షాపుకు వెళ్లొచ్చు.

ఈసీసీ83ల దగ్గరే నాకు నచ్చలేదు. యాంప్లిఫైయర్‌లో పెట్టి, పెన్సిల్‌తో తట్టి, స్పీకర్లో విని చెబుతాడు. ఒకటి తట్టగానే గుడిగంటలా మోగింది, అది తీసేశాం. కానీ ఒక్కో ఈసీసీ83లో రెండు వాల్వులు ఉంటాయి కదా, ఆ రెండు సగాలూ సమానంగా ఉన్నాయా అంటే అంకెలేమీ చెప్పడు, కాగితం మీద రాసివ్వడు. జతలు కావాలనుకునేవాళ్లకు ఇది లోటే. ఈజడ్81 గురించి చెప్పడానికేం లేదు, బాగుంది.

వాల్వుకు 50 రూపాయలు, చచ్చినవాటికి తీసుకోలేదు. లేచి వస్తుంటే "కప్లింగ్ కండెన్సర్లు మార్చినావా?" అని అడిగాడు. ఒక వాల్వు నుంచి తర్వాతిదానికి డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రమే పంపేవి అవి; పాతవి లీకయితే గ్రిడ్‌కు (వాల్వులో కరెంటును అదుపు చేసే భాగం) పాజిటివ్ వోల్టేజీ పోయి, మంచి ఈఎల్84 కూడా ప్లేటు ఎర్రబడి చస్తుందంట. నేను మార్చలేదు. ఆయన దగ్గరే 400 వోల్టులవి రెండు కొనుక్కొచ్చా.

పొద్దున పదకొండుకు ముందు షాపు తీయడు. వాల్వులు విడివిడిగా పేపర్లో చుట్టుకుని పోండి, పిన్నులు వంగి ఉంటే బాగా తిడతాడు.