సౌతెండ్ పియర్: వెళ్లేముందు పోటు వేళ చూసుకోండి

లండన్‌కు వచ్చిన అమ్మానాన్నలకు సముద్రం చూపిద్దామని పోయిన వేసవిలో ఒక శనివారం సౌతెండ్ తీసుకువెళ్లాం. ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. సౌతెండ్ సెంట్రల్‌లో దిగి, దుకాణాల వీధి వెంట కాసేపు నడిస్తే పియర్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన పొడవాటి వంతెన. తీరా వెళ్లి చూస్తే నీళ్లే లేవు. కనుచూపు మేర బూడిదరంగు బురద, అందులో పక్కకు ఒరిగిన పడవలు.

“సముద్రమన్నావు, ఏదిరా?” అంది అమ్మ.

నాన్నకు నవ్వొచ్చింది. ఆయనది బందరు. “మన రేవూ ఇంతే కదా! ఓడలు దూరాన ఆగిపోయేవి, సరుకు పడవల్లో వచ్చేది. వీళ్లు ఓడ దాకా వంతెన కట్టుకున్నారు” అన్నారు.

అసలు సంగతి అదే. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోటిది. ఆటు వేళ నీళ్లు మైలుకు పైగా వెనక్కి పోతాయి. లండన్ నుంచి జనాన్ని తెచ్చే పడవలు ఆగడానికి 1830లో చెక్క పియర్ వేసి, తర్వాత పొడిగించారు. ఇప్పటి ఇనుప పియర్ 1889 నాటిది. పొడవు 2.16 కిలోమీటర్లు. విహారానికి కట్టిన పియర్లలో ప్రపంచంలో దీన్ని మించినది లేదు. 1986లో ఒక ఓడ దీన్ని గుద్ది తెంపేసింది, 2005లో చివరి భాగం కాలిపోయింది. అయినా నిలబడింది.

చివరి దాకా పియర్ మీదే చిన్న రైలు నడుస్తుంది. వెళ్లేటప్పుడు రైలెక్కి, తిరిగి నడిచి రండి. మాకు వెళ్లేటప్పుడు గాలి ఎదురు, వచ్చేటప్పుడు వీపున తోడు. మోకాళ్ల నొప్పి ఉన్న నాన్న మాత్రం రెండు వైపులా రైలే ఎక్కారు.

చివర లైఫ్‌బోట్ (సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడే పడవ) కేంద్రం చూడదగ్గది. తిండి సంగతి చెప్పకపోవడమే మేలు. ఒకచోట అరగంట వరుసలో నిలబడితే చల్లారిన టీ, మెత్తబడిన చిప్స్ వచ్చాయి. అందులో సగం సముద్రపు కాకి ఎత్తుకుపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరే ఆదుకుంది.

తిరుగు నడకలో ఆరేళ్ల మా అమ్మాయి చెక్కల మీద బోర్లా పడుకుని సందుల్లోంచి కిందికి చూసింది. వచ్చేటప్పుడు బురద ఉన్నచోట ఇప్పుడు ఆకుపచ్చటి నీళ్లు నత్తగుల్లలు అంటిన స్తంభాలను తడుతున్నాయి. “నాన్నా, పెరుగుతున్నాయి!” అని ఒకటే అరుపు. లేపడానికి పావుగంట పట్టింది. మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చింది అదే.

బ్రైటన్ పియర్‌కూ వెళ్లాం. అక్కడ నీళ్లెప్పుడూ ఉంటాయి కానీ పియర్ నిండా ఆటల యంత్రాల మోత, ఒడ్డున గులకరాళ్లు. పెద్దవాళ్లతో అయితే నా ఓటు సౌతెండ్‌కే. సౌతెండ్ పియర్ పక్కనున్న అడ్వెంచర్ ఐలాండ్ ఆటల పార్కులో లోపలికి వెళ్లడానికి రుసుము లేదు, ఎక్కే ఆటలకే డబ్బు కట్టాలి. రాత్రి బస అక్కరలేదు, ఒక పూట చాలు.

సాయంత్రానికి పడవలు నిటారుగా లేచి తేలాయి. అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని చీలమండల దాకా దిగింది. కాళ్లకు అంటిన నల్ల బురద ఎంత తుడిచినా పోలేదు. ఒక సీసా నీళ్లు, పాత తువ్వాలు తప్పక పట్టుకెళ్లండి.