నల్లగొండ, పాలమూరు ఖాతాదారులకు కార్డు డిస్ప్యూట్ సేవ: ఎక్కడ పని అవుతుంది, ఎక్కడ తిప్పుతారు

కార్డు మీద తెలియని కోత పడితే, అది సరికాదని ఫిర్యాదు చేసుకోవడానికి బ్యాంకులు ఇచ్చే డిస్ప్యూట్ సేవకు గంపగుత్తగా ఒకే మార్కు వేయలేం. నిబంధనలు గట్టిగా ఉన్నాయి, యాప్ పర్వాలేదు, బ్రాంచి కౌంటరే నీరసం. నల్లగొండలో అడిగినా గద్వాలలో అడిగినా ముందు వచ్చే మాట "కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి" అనే. అందులో కొంత నిజం లేకపోలేదు. ఫిర్యాదు తేల్చేది బ్రాంచి మేనేజర్ కాదు, బ్యాంకు కార్డుల విభాగం. కానీ రాసిచ్చిన దరఖాస్తు తీసుకుని, నకలు మీద తేదీతో స్టాంపు వేసివ్వడం బ్రాంచి పనే. బ్రాంచికి ఆ స్టాంపు కోసం పోవాలి, పరిష్కారం కోసం కాదు.

అంతకంటే ముందు స్టేట్‌మెంట్ గీతను, అంటే ఆ కోత పడ్డ వరుసను, సరిగ్గా చదవాలి. పేరు కన్నా ముందు మొత్తం చూడండి. 27 రూపాయల 14 పైసలు కనబడితే దొంగను వెతకక్కర్లేదు. ఉచిత పరిమితి దాటాక ఏటీఎం లావాదేవీకి బ్యాంకు గరిష్ఠంగా వేయగల 23 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. వేరే బ్యాంకు ఏటీఎంలో మన ఊళ్లలో నెలకు 5 సార్లు ఉచితం, హైదరాబాద్ మెట్రో కాబట్టి అక్కడ 3 సార్లే. బ్యాలెన్స్ చూసుకున్నా అది ఒక లావాదేవీ కిందే లెక్క. జడ్చర్ల నుంచి పట్నం ఆసుపత్రికి పోయి పది రోజులున్నవాళ్లకు ఈ గీత రెండు మూడుసార్లు పడడం మామూలే. మే నెలాఖరులో పోయే 436, 20 రూపాయలు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాలవి. వద్దనుకుంటే బ్రాంచిలో రాసిచ్చి ఆపించుకోవచ్చు, డిస్ప్యూట్ వేస్తే మాత్రం తిరస్కరిస్తారు. ఎస్‌బీఐ క్లాసిక్ డెబిట్ కార్డుకు ఏడాదికోసారి పడే 236 రూపాయలదీ అదే సంగతి.

ఇక పేరు. గీతలో పీఓఎస్ అని ఉంటే దుకాణం మెషీన్ మీద, ఈకామ్ అని ఉంటే ఆన్‌లైన్‌లో కార్డు వాడారని అర్థం. దాని పక్కన ఉండేది బోర్డు మీది పేరు కాకపోవచ్చు. చాలాసార్లు కంపెనీ రిజిస్టర్డ్ పేరో, మధ్యలో చెల్లింపు నడిపిన రేజర్‌పే, పేయూ, బిల్‌డెస్క్ లాంటి సంస్థ పేరో వస్తుంది. చివర కనబడే ఊరు ఆ కంపెనీ చిరునామా అయ్యే వీలుంది. మిర్యాలగూడలో కూర్చుని ఆర్డర్ పెట్టినా గురుగ్రామ్ అనో బెంగళూరు అనో ఉంటుంది. పెట్రోల్ బంకులో యజమాని ఫర్మ్ పేరు పడుతుంది. అందుకే ముందు ఆ తేదీ ఎస్ఎంఎస్‌లు, ఈమెయిళ్లు, ఇంట్లోవాళ్ల ఫోన్లలోని సబ్‌స్క్రిప్షన్లు చూడండి. కొనుగోలు తేదీకి, స్టేట్‌మెంట్‌లో పడ్డ తేదీకి రెండు మూడు రోజుల తేడా ఉండొచ్చు.

అప్పటికీ తేలకపోతే అసలు పని మొదలవుతుంది. ఈ సేవలో పెద్ద లోపం ఇక్కడే ఉంది. మోసం, ఫెయిలైన లావాదేవీ, వ్యాపారితో తగాదా, ఈ మూడింటికీ దారులు వేరు. ఫారంలో మూడూ ఒకదాని కింద ఒకటి చిన్న గడులుగా ఉంటాయి, ఏది దేనికో వివరించేవాళ్లుండరు. ఓటీపీ మీరే కొట్టి కొన్న వస్తువు రాలేదని 'మోసం' గడిలో టిక్ పెడితే, ఓటీపీతో జరిగింది కాబట్టి మోసం కాదని ఫైలు మూసేస్తారు, పైగా కార్డు బ్లాక్ అవుతుంది.

నిజంగా మోసమే అయితే మొదట కార్డు బ్లాక్ చేయాలి, ఆ తర్వాతే మిగతావి. బ్లాక్‌కు నంబరు కార్డు వెనకాల చూడండి, గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ దొరికేవాటిలో దొంగ కస్టమర్ కేర్‌లూ ఉంటాయి. గ్రామీణ వికాస్ బ్యాంకు పాత ఖాతాదారులు మరీ జాగ్రత్త: 2025 జనవరి 1 నుంచి ఇక్కడి బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి, పాత పాస్‌బుక్ మీది నంబరును నమ్ముకోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ ఫిర్యాదు నంబరు రాసుకుని, దాన్ని బ్యాంకు ఫిర్యాదులో చేర్చాలి.

గడువు లెక్క చాలామందికి తెలియదు. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్‌తో తెచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల పైసలు పోతే, సమాచారం అందాక 3 పనిదినాల్లోపు చెబితే మీ బాధ్యత సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10 వేల వరకు మీ మీద పడుతుంది. ఎస్ఎంఎస్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, పనిదినాలు మీ సొంత బ్రాంచివి. రెండో శనివారానికి ముందటి శుక్రవారం మెసేజ్ వస్తే, సోమవారం సెలవు లేకపోతే, బుధవారం దాకా సమయం ఉన్నట్టే. మీరు చెప్పినప్పటి నుంచి 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి, ఖాతాదారు తప్పని నిరూపించే భారం బ్యాంకుదే. కౌంటర్‌లో ఈ చివరి మాట ఎవరూ చెప్పరు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలిపేదాకా పోయిన నష్టం మీదే, తెలిపాక పోయింది బ్యాంకుది. బ్లాక్ ముందు అనడం అందుకే.

ఫెయిలైన లావాదేవీల విషయంలో సేవ నిజంగా బాగుంది. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోత పడినా, దుకాణం మెషీన్‌లో ఫెయిలై పైసలు కట్ అయినా, 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఏటీఎం స్లిప్పు మీది 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఫోటో తీసుకోండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు తొందరగా మాసిపోతాయి.

వ్యాపారితో తగాదా అన్నిటికన్నా నిదానం. ఇందులో బ్యాంకు ద్వారా వ్యాపారి నుంచి పైసలు వెనక్కి రాబట్టడాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో ఎక్కువ రకాలకు గడువు 120 రోజులు, కాబట్టి "రేపు పంపుతాం" అనే దుకాణదారు మాట మీద నెలలు గడపొద్దు. ఆర్డర్ రసీదు, వస్తువు ఇవ్వాల్సిన తేదీ, మీరు అడిగినట్టు ఉన్న మెయిల్ జతచేయాలి. రిఫండ్ వేశామని వ్యాపారి అంటే, అది ఎక్కడుందో బ్యాంకు వెతకడానికి పనికొచ్చే 23 అంకెల రిఫరెన్స్ నంబరు, ఏఆర్ఎన్, అడగండి. అది ఇవ్వలేకపోతే రిఫండ్ ఇంకా బయల్దేరలేదనే అనుకోవాలి.

విదేశీ సైట్లు ఓటీపీ అడగకుండానే కోయగలవు. అంతర్జాతీయ వాడకం స్విచ్ యాప్‌లో ఉంటుంది, అవసరం లేనివాళ్లు ఆపేయాలి. ఈ ఒక్క స్విచ్‌కు మాత్రం పూర్తి మార్కులు.

ఎక్కడ ఫిర్యాదు చేసినా నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయొద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా తృప్తిగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో, బ్యాంకుల మీది ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వేయొచ్చు. లాయరు అక్కర్లేదు, హైదరాబాద్ పోనక్కర్లేదు. బ్యాంకుకు ముందు రాసినట్టు రుజువు లేకపోతే అక్కడ ఫిర్యాదు నిలవదు, ఆ స్టాంపు వేసిన నకలును స్కాన్ చేసి జతచేయండి.