గండికోట దారిలో విచర్ ముచ్చట

అనంతపురం నుంచి గండికోటకు ఎక్కడా ఆగకుండా పోతే ఒక పూట పని. మేం తాడిపత్రిలో, బెలుంలో ఆగుతూ నిదానంగా పోయాం. కారులో నాతో మా చిన్నాయన కొడుకు ఉన్నాడు. బెంగళూరులో చదువుతున్నాడు, సెలవులకొచ్చాడు. డబ్బు తీసుకుని రాక్షసులను వేటాడేవాడి కథతో వచ్చిన విచర్ కంప్యూటర్ ఆటలు మూడూ డిస్కౌంటులో కొనిపెట్టుకున్నాడు గానీ ఒక్కటీ మొదలుపెట్టలేదు. నేను మూడూ పూర్తిచేశానని వాడికి తెలుసు. తాడిపత్రి చేరకముందే అడిగాడు: "అన్నా, మొదటిది 2007ది కదా. అంత పాతదాన్నుంచి ఆడాల్నా? మూడోదొక్కటి ఆడితే సరిపోదా?"

దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. దారిపొడుగునా చెప్తూనే ఉన్నాను. అందుకే చూసిన చోట్లు, దిగిన బసలతో పాటు ఆ సంగతీ ఇక్కడే రాస్తున్నా.

తాడిపత్రిలో చూడాల్సినవి రెండు గుళ్లు, రెండూ విజయనగరం కాలానివి. ఊరి మధ్యలో చింతల వెంకటరమణ స్వామి గుడి. అందులో రాతిరథం ఉంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి. లింగం దగ్గర ఎప్పుడూ నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆ గుడి గోపురాలు పూర్తి కాలేదు, కింది రాతి భాగం వరకే ఉన్నాయి. కానీ ఆ కింది భాగంలో చెక్కని జానెడు చోటు కనబడదు. పొద్దున్నే పోతే జనం పలచగా ఉంటారు, గైడు అవసరం లేదు, కావలసినంతసేపు నిలబడి చూడొచ్చు. గుడి వీధుల్లో కారు తిప్పడం కష్టం, మెయిన్ రోడ్డు దగ్గరే వదిలేసి నడవడం మేలు. ఉగ్గాణి, బజ్జీ అక్కడే తిన్నాం, వేడిగా, కారంగా, బాగున్నాయి. రాత్రి బస మాత్రం ఇక్కడ పెట్టుకోనక్కర్లేదు.

ఆ గోపురం ముందు నిలబడే మొదటి విచర్ గురించి చెప్పాను. దాన్ని చేసిన సీడీ ప్రాజెక్ట్ పోలండ్ కంపెనీ. 1994లో మొదలై, ఏళ్లపాటు ఇతరుల ఆటలను తమ దేశంలో అమ్ముకుంటూ వచ్చింది. సొంతంగా చేసిన మొదటి ఆట ఇదే. ఇంజిన్, అంటే ఆటను నడిపే సాఫ్ట్‌వేర్, కూడా సొంతది కాదు, బయోవేర్ అనే ఇంకో ఆటల కంపెనీ వాళ్ల అరోరా తీసుకుని మార్చుకున్నారు. ఆ కొత్తదనం, చేతకానితనం రెండూ ఆటలో కనబడతాయి. మనుషుల మొహాలు మళ్లీ మళ్లీ అవే వస్తుంటాయి. కత్తియుద్ధం అంటే మౌస్ బాణం గుర్తు మంటల కత్తిగా మారినప్పుడు సరిగ్గా క్లిక్ చేయడం, అంతే. బలమైన దెబ్బ, వేగమైన దెబ్బ, గుంపుకు తిప్పే దెబ్బ అని మూడు పద్ధతులు. ఇవాళ్టి ఆటలకు అలవాటైన చేతికి ఇది ముందు మొద్దుగా అనిపిస్తుంది. మొదట లోడింగ్ కూడా విసిగించేది. 2008లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో దాన్ని సరిచేశారు, సంభాషణలూ బాగుచేశారు, అంతకుముందు కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు కొనేవాళ్లకు దొరికేది అదే.

బెలుం గుహలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోవి, 2022 నుంచి నంద్యాల జిల్లా. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో ఒకటిన్నర కిలోమీటరు వరకే మనల్ని పోనిస్తారు. 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. కానీ లోపలి దారులన్నీ కొలిచి పటం గీసింది 1982–84లో వచ్చిన జర్మన్ గుహాన్వేషకులు. గుహ అనగానే చల్లగా ఉంటుందనుకుని పోవద్దు. గాలి లోపలికి పంపుతున్నా ఉక్కపోస్తుంది, చొక్కా తడిసిపోతుంది. నీళ్ల సీసా తప్పనిసరి. ఊపిరి ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లను పాతాళగంగ దాకా తీసుకుపోవద్దు, అది 46 మీటర్ల లోతున ఉంటుంది. లైట్లు బాగా పెట్టారు, దారి తప్పే భయం లేదు. మాకు దొరికిన గైడు రాళ్ల ఆకారాలు చూపించడంతో ఆగకుండా, సున్నపురాయిని నీళ్లు ఎట్లా తొలిచాయో ఓపిగ్గా చెప్పాడు. గైడును పెట్టుకోవలసిన చోటు ఈ యాత్రలో ఇదొక్కటే. టికెట్టుకు పూర్తి విలువ వస్తుంది. బయట భోజనం మాత్రం సాదాసీదా.

బయటికొచ్చి చెట్టు నీడన కూచున్నప్పుడు రెండో ఆట సంగతి వచ్చింది. 2011లో వచ్చింది, ఇంజిన్ సొంతం చేసుకున్నారు, ఇప్పటికీ చూడ్డానికి బాగుంటుంది. మూడింట్లో ఇదే చిన్నది. అయితే మొదటి అధ్యాయం చివర ఎల్ఫు జాతి తిరుగుబాటు నాయకుడు యోర్వెత్ పక్కన నిలబడతావా, రాజు దళపతి రోష్ పక్కన నిలబడతావా అని అడుగుతుంది. ఎవరితో పోతే రెండో అధ్యాయం వాళ్ల వైపునే. యోర్వెత్‌తో పోయినవాడు వెర్గెన్ అనే పట్నం గోడల లోపలుంటాడు, రోష్‌తో పోయినవాడు దాన్ని ముట్టడించే సైన్యం డేరాల్లో ఉంటాడు. ఒకే యుద్ధాన్ని రెండువైపుల నుంచి చూడాలంటే ఆట రెండుసార్లు ఆడాలి. చాలామంది ఆడరని తెలిసీ అంత పని చేశారు. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, బలమిచ్చే మందులు పోట్లాటకు ముందే తాగి సిద్ధం కావాలి. ఎదురయ్యేది ఏమిటో తెలియకుండా సిద్ధం కావడమెట్లా? ఆ చిరాకు వల్ల, సమయం లేనివాళ్లు వదిలేసినా ఫర్వాలేనిది ఇదొక్కటే అంటాను.

సాయంత్రానికి జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాం. పట్నం నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోటు ఫొటోల్లో ఎంత చూసినా చాలదు. అంచున నిలబడితే ఎర్రరాళ్ల దొంతరలు, కింద నీళ్లు, గాలి హోరు. అంచున కంచె లేదు, పిల్లలతో వచ్చినవాళ్లు చెయ్యి వదలకూడదు. కోట లోపల మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, కత్తుల కోనేరు. కోటలో ఇప్పటికీ ఊరుంది, మనుషులు కాపురముంటున్నారు. నాకు గండికోట ఇష్టం కావడానికి సగం కారణం అదే.

బస గురించి గట్టిగా చెప్పాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు దగ్గర, కుటుంబంతో వచ్చేవాళ్లకు అదే మేలు. సెలవు రోజులైతే చాలా ముందే బుక్ చేసుకోవాలి. మాకు గది దొరకలేదు, డేరాలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర దిగాం. డేరా శుభ్రంగానే ఉంది, సంగటి, నాటుకోడి పులుసు నిజంగా బాగా వండారు. కానీ మరుగుదొడ్డి అందరికీ కలిపి ఒక్కటే. పక్క గుంపు అర్ధరాత్రి దాకా పెట్టిన స్పీకర్ల మోత ఆపమంటే, అక్కడున్నవాళ్లు పట్టించుకోలేదు. వచ్చేవాళ్లు ఆ లోయ నిశ్శబ్దం కోసం వస్తారు. అది కాపాడలేని బసకు డబ్బు తీసుకునే హక్కు లేదు. డేరా మాట్లాడుకునేటప్పుడు ఈ రెండు సంగతులూ ముందే అడగండి.

సిగ్నల్ సరిగా లేదు. తమ్ముడు మొదటి ఆటను నెట్ లేకుండా ఆడుకోగలిగే ఆటలు అమ్మే జీఓజీ సైటులో కొన్నాడు కాబట్టి నెట్ లేకపోయినా నడిచింది. గ్రాఫిక్స్ కార్డు లేని వాడి లాప్‌టాప్‌లోనూ ఆగకుండా ఆడింది. మూడోది ఆ లాప్‌టాప్ వల్ల కాదు, దానికి 50 జీబీ చోటు కూడా కావాలి. డేరాలో కూచుని మొదటి అధ్యాయం మొదలుపెట్టాడు. విజిమా నగరం బయట ఒక పల్లె, లోపల రోగమని నగరం తలుపులు మూసేసి ఉంటాయి. ఆ నాలుగిళ్ల మధ్యే తిరగాలి. మంట పక్కన కూచుంటేనే నేర్చుకున్నది ఒంటబడుతుంది, మందులు తయారవుతాయి. సామాను సత్రంవాడికి అప్పజెప్తే ఇంకే సత్రంలోనైనా తీసుకోవచ్చు. నడక ఎక్కువ, నిజమే. కానీ ఆ నడకలోనే ప్రతి ఇంటివాడూ, వాడు దాచిన పాపమూ తెలిసొస్తాయి. మూడో ఆటలో గుర్తుబల్ల దగ్గర నిలబడితే చాలు, ఇంకో బల్ల దగ్గరికి చేరిపోతాం. సౌకర్యంగా ఉంటుంది గానీ, ఏ ఊరూ ఆ పల్లె అంతగా మనదవదు.

ఆ రాత్రే నది ఒడ్డున పెట్టెలకు కాపలా కాసే పని వాడికి తగిలింది. అడవిలోంచి ఎల్ఫులు వచ్చి పెట్టెలు మావి, ఇచ్చెయ్యమంటారు. ఇవ్వాలా, కత్తి తీయాలా? "ఇచ్చేస్తి అన్నా, పాపం వాళ్లు ఆకలితో ఉండారంట," అన్నాడు. దాని ఫలితం అప్పుడు కనబడదు. ఎన్నో గంటల తర్వాత, నగరంలోకి పోయాక, మనకు కావలసిన ఒక మనిషి దగ్గరికి పోతే తెలుస్తుంది. అప్పటికి వెనక్కు పోయి సేవ్ లోడ్ చేసుకుందామన్నా మనసొప్పనంత దూరం వచ్చేసి ఉంటాం. మంచిపనికి మెచ్చుకోలు, చెడ్డపనికి శిక్ష అక్కడికక్కడే చెల్లించే ఆటలు అప్పుడూ ఇప్పుడూ ఎన్నో ఉన్నాయి. చేసినదాని లెక్క ఆలస్యంగా తెచ్చి ముందు పెట్టడం ఈ వరుసకు 2007లోనే అబ్బింది. 2015లో వచ్చిన మూడో ఆటలో, వెలెన్ అనే ప్రాంతంలో ఒక గుట్ట కింద బందీగా ఉన్న ఆత్మను విడిచిపెట్టాలా, చంపాలా అన్నచోట అదే పద్ధతి ఇంకా పదునెక్కింది. అక్కడ ఏది చేసినా ఎవరికో ఒకరికి ప్రాణం మీదికొస్తుంది.

అందుకే ఈ వరుస ఆడదగినదే, మొదటిదాన్నుంచే ఆడదగినది అంటాను. అయితే మొదటి అధ్యాయం పూర్తయ్యేసరికి ఆ పల్లె మనసుకు పట్టకపోతే మొహమాటపడకుండా నేరుగా మూడోదానికి పోవచ్చు. రెండో ఆటలో ఏమేం చేశావో మూడోది మొదట్లో మాటల్లో అడిగి తెలుసుకుంటుంది. కథ అందదన్న భయం అక్కర్లేదు. మొదటి ఆటలో నాకు గిట్టనిది ఒకటుంది, ఆడవాళ్లతో గడిపినందుకు బహుమానంగా ఇచ్చే బొమ్మల కార్డులు. అది చవకబారు పని. మూడు ఆటలూ పద్దెనిమిది దాటినవాళ్లకే, ఇంట్లో పిల్లల ముందు తెరవకండి. అంతా అయ్యాక ఇంకా కావాలనిపిస్తే మూడోదానికి అదనపు కథగా 2016లో వచ్చిన బ్లడ్ అండ్ వైన్ ఉంది. అందులోని టుసాంట్ అనే నాడు ద్రాక్షతోటల్లో తిరగడం దానికదే ఒక యాత్ర.

పొద్దున అంచు దగ్గర ఎండ లేచేదాకా కూచున్నాం. తిరుగుదారిలో వాడు ఇంకొకటి అడిగాడు: "మొదటిదాన్ని మళ్లా కొత్తగా చేస్తాండారంట కదన్నా, అది వచ్చేదాకా ఆగితే?" నిజమే, అన్‌రియల్ ఇంజిన్ 5లో చేస్తున్నామని 2022లోనే ప్రకటించారు. ఆగొద్దన్నాను. లాప్‌టాప్‌లో పాతది ఎట్లాగూ నడుస్తోంది, వాడికి సెలవులు ఇంకా మిగిలున్నాయి.