సోయాలో లింగాకర్షక బుట్టలు: కొన్నేళ్లు వాడాక

ఆదిలాబాద్ నల్లరేగడిలో వానాకాలం సోయాకు లద్దె పురుగు కోసం ఈ బుట్టలు ఏటా పెడుతున్నాం. ఆడ పురుగు వాసన ఉన్న ఎర మగ పురుగును లాగితే, అది గరాటులోంచి కింది సంచిలో పడుతుంది. పురుగును ఇవే చంపేస్తాయనుకుంటే మాత్రం కొనకండి. పడేది మగ రెక్కల పురుగే, గుడ్లు పెట్టే ఆడది చేనులోనే తిరుగుతుంది. చేను ఎప్పుడు చూడాలో, మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడం వరకే వీటి పని. ఆ పని బాగా చేస్తాయి. ఎకరానికి నాలుగు చాలు.

విత్తిన ఇరవై రోజులకల్లా పాతాలి. బుట్ట పైరు కంటే అడుగు ఎత్తున ఉండాలి, పైరు పెరిగేకొద్దీ పైకి కట్టాలి. ఆగస్టులో సోయా ఏపుగా పెరిగి బుట్ట ఆకుల్లో మునిగితే పురుగు పడదు, నింద ఎర మీదకు పోతుంది. ఎర కవరు మీద స్పోడోప్టెరా (లద్దె పురుగు) అని ఉందో లేదో చూసి కొనండి, శనగపచ్చ పురుగు ఎర వేరు. రెండూ ఒకే బుట్టలో పెట్టొద్దు. మందు కలిపిన చేత్తో ఎరను ముట్టుకోవద్దు. మూడు నాలుగు వారాలకోసారి ఎర మార్చాలి, మిగిలినవి ఫ్రిజ్‌లో ఉంచాలి.

వానలకు సంచి అడుగున నీళ్లు నిలిచి పురుగులు కుళ్లుతాయి, లెక్క తేలదు. అడుగు ముడి విప్పి రోజూ పొద్దున ఖాళీ చేయాల్సిందే, లేకపోతే నిన్నటివి ఇవాళ్టి లెక్కలో కలుస్తాయి.

రెక్కల పురుగులు ఉన్నట్టుండి పెరిగాయంటే మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి. ఆకు తిప్పి చూడండి: గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద, లేదంటే పచ్చదనమంతా గోకేసి జల్లెడలా మిగిలిన ఆకు, దాని కింద గుంపుగా పిల్ల పురుగులు. ఆ ఆకును కదపకుండా తుంచి సంచిలో వేస్తే వందల పురుగులు ఒక్కసారే పోతాయి. గట్ల మీద ఆముదం వేస్తే ముందు అక్కడే గుడ్లు పెడుతుంది, ఏరడం తేలిక. చెయ్యి దాటితే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ ఎకరాకు 60 మి.లీ., 200 లీటర్ల నీటిలో, సాయంత్రం పూట. ఎదిగిన లద్దె పురుగు పగలు నేల నెర్రెల్లో దాక్కుంటుంది, మధ్యాహ్నం కొట్టిన మందు దండగ.

లోపం ఒక్కటే, కానీ పెద్దది. కాండపు ఈగ, గర్డిల్ బీటిల్ అనే పెంకు పురుగు ఈ ఎరకు రావు. బుట్ట ఖాళీగా ఉందని ధీమాగా ఉంటే మొక్క లోపల నుంచి గుల్లవుతుంది, కాండం చీలిస్తే ఎర్రటి సొరంగం కనిపిస్తుంది. ఈగకు విత్తనానికే థయామెథాక్సమ్ 30 ఎఫ్‌ఎస్ కిలోకు 10 మి.లీ. పట్టించాలి, రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా) ఆ తర్వాత, విత్తే ముందు. బీటిల్ కాడ మీద రెండు వలయాలు కొరికి మధ్యలో గుడ్డు పెడుతుంది, పై భాగం వాడిపోతుంది. వాడిన కొమ్మను కింది వలయం కింద తుంచి కాల్చేయాలి.

గరాటు ఏళ్ల తరబడి ఉంటుంది. సంచి మాత్రం ఎండకు చిరుగుతుంది కాబట్టి ఎరలతో పాటు రెండు సంచులు అదనంగా తెచ్చుకోండి.