దవడ నొప్పికి నైట్ గార్డా, ఎక్సర్‌సైజులా: ఏది మేలు?

చెవి ముందు నొప్పి అని ఈఎన్‌టీ దగ్గరికెళ్తే చెవి బానే ఉంది, డెంటిస్ట్‌కి చూపించుకోండి అంటారు, అక్కడికెళ్తే నైట్ గార్డ్, అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు, చేయించుకోండి అంటారు, ఇంట్లో పెద్దాళ్ళేమో కాపడం పెడితే అదే పోతుందంటారు. దవడ కీలు సమస్య, డాక్టర్ల మాటలో టీఎమ్‌డీ, అరుదైనదేం కాదు, ప్రపంచంలో పెద్దవాళ్ళలో 6 నుంచి 9 శాతం మందికి ఉంటుందని అంచనా, అందులోనూ ఆడవాళ్ళకే ఎక్కువ.

నోరు తెరిస్తే టక్‌మంటోంది గానీ నొప్పి లేదు, నోరు బానే తెరుచుకుంటోంది అంటే మాత్రం ఏ ట్రీట్‌మెంటూ అక్కర్లేదు. కీలు మధ్యలో మెత్తలా ఉండే డిస్క్ కాస్త పక్కకి జరిగి మళ్ళీ చోటుకొచ్చేటప్పుడు వచ్చే చప్పుడది, అంతే.

నైట్ గార్డ్ సంగతికొస్తే, రాత్రిళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకి పళ్ళు అరిగిపోకుండా కాపాడుతుంది, అది నిజం, కానీ కొరకడం మానిపించదు. ఆన్‌లైన్‌లో దొరికే మెత్తటివాటితో కొంతమంది ఇంకా గట్టిగా కొరుకుతారు కూడా, పెట్టుకుంటే డెంటిస్ట్ కొలత తీసి చేసిన గట్టిదే పెట్టుకోండి.

ఎక్సర్‌సైజులకి పైసా ఖర్చు లేదు. నాలుక కొసని పై ముందుపళ్ళ వెనక అంగిలికి ఆనించి, అది ఊడిరాకుండా నోరు మెల్లగా ఎంత తెరుచుకుంటే అంత తెరిచి మూయాలి, రోజుకి కొన్నిసార్లు. మిగతా టైమంతా పెదాలు కలిసుండాలి, పళ్ళు మాత్రం తగలకూడదు, లాప్‌టాప్ ముందు కూర్చుని ఒకసారి చూసుకోండి ఎంత గట్టిగా బిగించారో! కొన్నాళ్ళు చెకోడీలు, చెరుకు ముక్కలు, చూయింగ్ గమ్ పక్కన పెట్టేయాలి.

నా ఓటు ఎక్సర్‌సైజులకే. 2023లో బీఎమ్‌జే అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన గైడ్‌లైన్ కూడా నెలల తరబడి నొప్పి ఉన్నవాళ్ళకి దవడ ఎక్సర్‌సైజులు, స్ట్రెచింగ్, ఫిజియో, కౌన్సెలింగ్ లాంటివాటికే గట్టిగా ఓటేసింది, గార్డ్‌ని అంతగా ఒప్పుకోలేదు. పళ్ళు అరుగుతుంటే గార్డ్ కూడా పెట్టుకోండి, రెండిటికీ గొడవేం లేదు. కానీ నొప్పి తగ్గడానికి పళ్ళు కొంచెం అరగదీస్తాం అని ఎవరన్నా అంటే మాత్రం కుర్చీ దిగి వచ్చేయండి, అరగదీసిన పన్ను మళ్ళీ రాదు.

నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే, లేదా తెరిచిన నోరు మూతపడకపోతే ఇంట్లో ప్రయోగాలొద్దు, చూపించుకోండి. గుట్కా, వక్క అలవాటుండి, కారం తగిలితే నోరు మండుతూ నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే అది దవడ కీలు సమస్య కాకపోవచ్చు, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న వేరే జబ్బు కావచ్చు, అస్సలు ఆలస్యం చేయొద్దు.